నెయ్యికి బిల్లుతో పనిలేదు, అనుమతీ లేదు: జర్మనీ కస్టమ్స్‌లో దేనికి ఏ నియమం

హైదరాబాద్ నుంచి జర్మనీ వెళ్లే పెట్టెల్లో సరుకు దాదాపు ఒకేలా ఉంటుంది. ఆవకాయ, కారప్పొడులు, కిలో నెయ్యి, స్వీట్ల డబ్బా, మందులు, నాలుగు కొత్త చీరలు, కాస్త బంగారం. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో ఆ పెట్టె తెరిచే అధికారి ఒక్కరే అయినా, ఆయన మనసులో నడిచే ప్రశ్నలు మూడు. ఒకటి పన్నుది: వస్తువు విలువ ఎంత? రెండోది పశువులకు, మొక్కలకు వచ్చే రోగాలది: ఇది దేంతో తయారైంది? మూడోది మీ గురించి: చూడ్డానికి వచ్చి వెళ్లిపోయేవారా, అక్కడ కొత్తగా కాపురం పెట్టబోతున్నారా, ఇప్పటికే అక్కడ ఉంటూ సెలవులకు ఊరెళ్లి తిరిగొస్తున్నారా?

కౌంటర్ దగ్గర గొడవలు చాలావరకు ఒక ప్రశ్నకు చెప్పాల్సిన జవాబును ఇంకోదానికి చెప్పడం వల్ల వస్తాయి. “పావుకిలోనే, మా ఇంటి వాడకానికే” అన్న మాట పన్ను దగ్గర చెల్లుతుంది. నెయ్యి దగ్గర చెల్లదు. “మా అమ్మ ఒంటిమీది గొలుసే” అన్నది చూడ్డానికి వచ్చిన అమ్మ చెబితే సరిపోతుంది. అదే మాట మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు, నెల కిందట కొన్న గొలుసు వేసుకుని చెబితే సరిపోదు.

రోగాల నియమాలు, విమాన ప్రయాణికులకు ఉండే 430 యూరోల పరిమితి ఐరోపా సమాఖ్యలోని 27 దేశాల్లోనూ ఒకటే. వ్యాట్ రేటు, జరిమానాలు, మందుల నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఇక్కడ ఇచ్చిన లెక్కలు జర్మనీవి. స్విట్జర్లాండ్ సమాఖ్యలో లేదు కాబట్టి దాని లెక్క పూర్తిగా వేరు. 2025 జనవరి 1 నుంచి అక్కడ మనిషికి 150 ఫ్రాంకుల వరకే పన్ను మినహాయింపు.

పెట్టె ఎక్కడ తెరుస్తారు

హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–బెర్లిన్ ఒకే టికెట్ మీద వెళ్తుంటే, చేతిలో ఉన్న బ్యాగు తనిఖీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో. చెకిన్ చేసిన పెట్టె తనిఖీ దాని ఆఖరి విమానాశ్రయం బెర్లిన్‌లో. ఈ తేడా తెలియక చాలామంది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరూ అడగలేదని ఊపిరి పీల్చుకుంటారు. పెద్ద పెట్టె వంతు అప్పటికి ఇంకా రానే లేదు. దుబాయ్, దోహా మీదుగా వచ్చినా సూత్రం ఇదే: చేతి బ్యాగుకు ఐరోపా సమాఖ్యలో మొదట దిగిన చోటు, పెట్టెకు అది చివరగా చేరిన చోటు.

మాటల్లో మాట, దుబాయ్‌లో ఆగి ఊరు చూసి వెళ్దామనుకునేవారు గసగసాలు పెట్టెలోంచి తీసేయడం మంచిది. జర్మనీలో వాటిని కేకుల్లో కిలోలకొద్దీ వాడతారు. దుబాయ్ ఉన్న యూఏఈలో మాత్రం అవి నిషిద్ధం.

పెట్టె తీసుకుని బయటికి వచ్చే దారిలో రెండు తోవలుంటాయి. ఆకుపచ్చ తోవలో అడుగుపెట్టడమంటే “చెప్పాల్సిన వస్తువేదీ నా దగ్గర లేదు” అని చట్టప్రకారం ప్రకటించినట్టే. ఆ తర్వాత ఆపితే “ఇప్పుడే చెప్పబోతున్నాను” అన్న మాటకు విలువ ఉండదు. కట్టాల్సిన పన్నుతోపాటు అంతే మొత్తం దాకా అదనపు వడ్డింపు పడొచ్చు. మొత్తం పెద్దదైతే పన్ను ఎగవేత కేసు అవుతుంది. ఎర్ర తోవలో వెళ్లి అడిగినందుకు మాత్రం జరిమానా ఉండదు. సందేహం ఉంటే అటే నడవాలి.

430 యూరోలు: కలపొచ్చు గానీ కోయకూడదు

విమానంలో లేదా ఓడలో వచ్చే పెద్దవారికి 430 యూరోల వస్తువుల దాకా పన్ను లేదు. జర్మనీలో 15 ఏళ్లలోపు పిల్లలకు ఇది 175 యూరోలు. సొంతానికి తెచ్చుకునే మందులు, పరిమితిలోపు మద్యం, పొగాకు ఈ లెక్కలోకి రావు. 17 ఏళ్లు నిండినవారు 200 సిగరెట్లు తెచ్చుకోవచ్చు. మద్యంలో 22 శాతం దాటిన ఘాటైనదైతే ఒక లీటరు, దానితోపాటు 4 లీటర్ల వైను, 16 లీటర్ల బీరు.

అసలు మెలిక వస్తువు విలువను ముక్కలు చేయడంలో ఉంది. 600 యూరోల ఉంగరం తెస్తే 430 పోను మిగతా 170కే పన్ను పడుతుందనుకుంటారు. పడేది మొత్తం 600కి. భార్యాభర్తలిద్దరి పరిమితి కలిపి 860 అని వాదించడమూ కుదరదు. ఒక వస్తువు ఒకరి లెక్కలోనే ఇమడాలి. వేర్వేరు వస్తువులైతే మాత్రం కలిపి చూస్తారు. 300, 120, 250 యూరోల మూడు చీరలు ఉంటే మొదటి రెండూ కలిసి 420 అవుతాయి కాబట్టి వాటికి పన్ను లేదు. మూడోదానికి పూర్తిగా కట్టాలి.

పన్ను పడే సరుకు విలువ 700 యూరోలు దాటకపోతే జర్మనీలో లెక్క సులువు. భారత్ నుంచి వచ్చే మామూలు వస్తువులకు సుంకం, వ్యాట్ కలిపి టోకున 17.5 శాతం. ఆ మూడో చీరకు 43.75 యూరోలు, ఉంగరానికి 105. విలువ 700 దాటితే టోకు రేటు పోయి, వస్తువు వారీగా అసలు సుంకం వేసి, దాని మీద 19 శాతం వ్యాట్ వేస్తారు. బంగారు నగలకు సుంకం 2.5 శాతం. 3,000 యూరోల హారానికి సుంకం 75, ఆపైన 3,075 మీద వ్యాట్ 584.25, మొత్తం 659.25 యూరోలు. మొబైల్ ఫోనుకు సుంకం సున్నా, కానీ వ్యాట్ ఉంటుంది. 900 యూరోల కొత్త ఫోనుకు 171 కట్టాలి.

విలువ అంటే మీరు నిజంగా చెల్లించిన ధర. బిల్లు చూపాలి, లేదంటే కార్డు స్టేట్‌మెంటు లాంటి ఆధారమైనా ఉండాలి. ఏదీ లేకపోతే అధికారి తన అంచనా వేస్తారు. ఆ అంచనా జర్మనీ ధరల వైపు మొగ్గుతుందే తప్ప బేగంబజారు ధరల వైపు కాదు.

ఇక మీరెవరన్న ప్రశ్న. భారత్‌లో నివాసం ఉండి, పిల్లల దగ్గరికి వచ్చి వెళ్లే తల్లిదండ్రులు ప్రయాణంలో సొంతానికి వాడుకునే వస్తువులకు పన్ను లేదు. ఆ వస్తువులు వాళ్లతోనే తిరిగి వెళ్లిపోతాయన్నది ఇందులో షరతు. కోడలికి ఇవ్వడానికి తెచ్చిన గొలుసు ఈ కోవలోకి రాదు, అది 430 లెక్కలోకి వెళ్తుంది. చదువుకోవడానికి వచ్చే విద్యార్థి బట్టలు, లాప్‌టాప్, పుస్తకాలు, గదికి కావలసిన సామాను విద్యార్థుల కోసం ఉన్న మినహాయింపు కిందికి వస్తాయి. అడ్మిషన్ లెటరు చేతి బ్యాగులో ఉంచుకోవాలి. పెద్ద పెట్టెలో ఉంటే అడిగిన వేళకు దొరకదు.

పూర్తిగా మకాం మార్చేవారికి మినహాయింపు ఇంకా పెద్దది, షరతులూ ఎక్కువే. అంతకుముందు కనీసం 12 నెలలు సమాఖ్య బయట నివసించి ఉండాలి. సామాను కనీసం 6 నెలలు వాడినదై ఉండాలి. మకాం మార్చిన 12 నెలల్లోపు తెచ్చుకోవాలి. తెచ్చాక 12 నెలల దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. బయల్దేరే వారం ముందు కొన్న గ్రైండరు ఈ మినహాయింపులో ఇమడదు.

అక్కడే ఉంటున్నవారికి ఎదురయ్యే చిక్కు వేరు. బెర్లిన్‌లో కొన్న కెమెరాను సెలవులకు ఊరు తీసుకెళ్లి తిరిగి తెస్తే పన్ను లేదు, కానీ అది బెర్లిన్‌లో కొన్నదేనని చూపించగలగాలి. ఖరీదైన వస్తువు ఏదైనా తీసుకెళ్లేటప్పుడే దాని జర్మనీ బిల్లు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోవాలి.

నెయ్యి, చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి

ఇక్కడ డబ్బు లెక్కలు ఆగిపోతాయి. సమాఖ్య బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తేకూడదు. బరువు పరిమితి లేదు, ఎందుకంటే అనుమతించే బరువే లేదు. స్విట్జర్లాండ్, నార్వే లాంటి కొద్ది దేశాలకే మినహాయింపు. ఆ జాబితాలో భారత్ లేదు. నెయ్యి, పన్నీరు, పాలపొడి, పాలకోవా, కలాకంద్, చికెన్ పచ్చడి, గోంగూర మటన్ అన్నీ నిషేధం కిందివే.

భయమంతా పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి గురించి. దాని వైరస్ మాంసంలో, పాల పదార్థాల్లో బతికి ప్రయాణం చేయగలదు. 2001లో బ్రిటన్‌లో ఆ వ్యాధి చెలరేగినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. 2025 జనవరిలో బెర్లిన్ పక్కనే బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలో గేదెల మందలో అది బయటపడింది. 1988 తర్వాత జర్మనీలో అదే మొదటిసారి. ఆ నేపథ్యంలో “ఇంట్లో కాచిన నెయ్యి, చాలా శుభ్రం” అన్న మాట అధికారి చెవికి ఎక్కదు.

వాక్యూమ్ ప్యాకింగ్ చేయించినా, భారత ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు ముద్రించి ఉన్నా ఫలితం మారదు. ‘ఫారిన్ ప్యాకింగ్’ అని షాపువాళ్లు ఇచ్చేది నూనె కారకుండా చూస్తుంది, అంతవరకే. చట్టపరంగా అది ఏ రక్షణా ఇవ్వదు. పట్టుబడితే వస్తువును లాక్కుని నాశనం చేస్తారు, తిరిగి ఇవ్వరు. నిజానికి నెయ్యి మోసుకెళ్లాల్సిన అవసరమే లేదు. జర్మనీ సూపర్‌మార్కెట్లలో ‘బుటర్‌ష్మాల్ట్స్’ పేరుతో అమ్మేది కాచిన వెన్నే.

చేపలకు సంబంధించిన నియమం ఇందుకు పూర్తి భిన్నం. చేపలు, రొయ్యలు, వాటితో చేసినవి మనిషికి 20 కిలోల దాకా తేవచ్చు. పచ్చి చేపైతే పొట్ట శుభ్రం చేసి ఉండాలి. కాబట్టి ఒకే షాపులో కొన్న రెండు సీసాల్లో రొయ్యల పచ్చడి దాటుతుంది, చికెన్ పచ్చడి చెత్తబుట్టలోకి పోతుంది. ఎండు చేపలకూ అభ్యంతరం లేదు, వాసన సంగతి తోటి ప్రయాణికులతో తేల్చుకోవాలి. తేనె 2 కిలోల దాకా సరే. పసిపిల్లల పాలపొడి, శిశు ఆహారం కూడా 2 కిలోల దాకా సరే. అయితే అది తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేని రకమై, కంపెనీ ప్యాకింగ్‌లో, సీలు తీయకుండా ఉండాలి. ప్రస్తుతం పాపకు కలిపి పడుతున్న డబ్బా అయితే సీలు తీసి ఉన్నా ఫర్వాలేదు.

బిస్కెట్లు, కేకులు, చాక్లెట్లు, మిఠాయిల్లో మాంసం కలవకపోతే తెచ్చుకోవచ్చు. మన స్వీట్లతో వచ్చే తంటా ఇక్కడే. నువ్వుల ఉండలు, పల్లీపట్టీ, బెల్లం పూతరేకులు లాంటివాటిలో పాలు ఉండవు కాబట్టి ప్రశ్నే రాదు, పూతరేకులకు నెయ్యి రాయకుండా ఉంటే. కోవా, కలాకంద్ అంటే ఘనపదార్థంగా మారిన పాలే, వాటిని మిఠాయి అని ఒప్పించలేరు. నెయ్యి ఓడే సున్నుండలు, మైసూర్‌పాక్ రెంటికీ మధ్యన ఉంటాయి. వాటి తీర్పు డబ్బా తెరిచిన అధికారి చేతిలో ఉంటుంది. పోయినా బాధలేదనుకుంటేనే పెట్టుకోవాలి.

కరివేపాకు కట్ట, మామిడి బుట్ట

2019 డిసెంబరు 14 నుంచి సమాఖ్యలోకి వచ్చే తాజా పళ్లు, కూరగాయలు, ఆకులు, పూలు, విత్తనాలు దాదాపు అన్నింటికీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. ప్రయాణికుడి సంచిలో ఉన్న కట్టకూ అదే నియమం. మినహాయింపు ఐదు పళ్లకే: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్. అంటే పూజ సామానులో కొబ్బరికాయ, అరటిపళ్లు సరే. తమలపాకులు, మల్లెమాల, మామిడాకులు కాదు. పచ్చి కరివేపాకు, మునక్కాయలు, పచ్చిమిర్చి, పచ్చి అల్లం కూడా కాదు. బాల్కనీలో చల్లుకోవడానికి తీసుకెళ్లే గోంగూర విత్తనాలకూ ధ్రువపత్రం కావాలి, పొట్లం ఎంత చిన్నదైనా.

మామిడి సంగతి మరీ చేదు. భారత్ నుంచి వచ్చిన సరుకులో పండు ఈగలు దొరికాయని 2014 మే నుంచి సమాఖ్య మన మామిడి దిగుమతినే నిలిపేసింది. శుద్ధి, తనిఖీ పద్ధతులు మారాక 2015లో మళ్లీ తెరిచింది. అది శుద్ధి చేసి ధ్రువపత్రంతో వచ్చే వ్యాపార సరుకుకు. తోటలోంచి కోసి పెట్టెలో వేసుకొచ్చిన బంగినపల్లికి ఆ దారి లేదు. ముక్క కోసి, ఉప్పు, కారం, నూనె పట్టించి ఆవకాయ చేస్తే మాత్రం అది తాజా పండు కాదు కాబట్టి అడ్డు లేదు. అలాగే పూర్తిగా ఎండబెట్టి దంచిన కరివేపాకు పొడి, పసుపు, కారం, పప్పులు పెట్టుకోవచ్చు.

మందులు

ప్రయాణికుడు తన సొంత అవసరానికి తెచ్చుకునే మందులను జర్మనీ అనుమతిస్తుంది. రోజువారీ మోతాదు ప్రకారం మూడు నెలలకు సరిపడే పరిమాణాన్ని సొంత అవసరంగా లెక్కేస్తారు. ఆరు నెలలు ఉండే తల్లిదండ్రులు ఆరు నెలల బీపీ, షుగరు మాత్రలు మోసుకొస్తే ఇక్కడ ప్రశ్న వస్తుంది. డాక్టరు ఆంగ్లంలో రాసిన చీటీ, అందులో మందు కంపెనీ పేరే కాక అసలు రసాయన నామం, రోజుకు ఎన్ని అన్న వివరం ఉంటే మాట్లాడటం తేలికవుతుంది. మాత్రలు వాటి పట్టీల్లోనే ఉండాలి. డబ్బాలో కలిపేసిన రంగురంగుల మాత్రలు ఎవరికీ ఏమీ చెప్పవు. మత్తుమందుల చట్టం కిందికి వచ్చే బలమైన నొప్పి మందులకు, కొన్ని నిద్రమాత్రలకు నియమం కఠినం: 30 రోజులకు మించకూడదు, డాక్టరు ధ్రువపత్రం వెంట ఉండాలి.

చేతిలో తెచ్చుకోగలిగిన అదే మందును హైదరాబాద్ నుంచి పోస్టులో పంపడం మాత్రం కుదరదు. సమాఖ్య బయటి దేశాల నుంచి మామూలు మనుషులు పార్సిల్లో మందులు తెప్పించుకోవడాన్ని జర్మనీ సాధారణంగా అనుమతించదు. ఆయుర్వేద, హోమియో మందులకూ అంతే. అమ్మ కట్టిన పార్సిల్ మొత్తం ఆగిపోవడానికి జ్వరం మాత్రల పట్టీ ఒక్కటి చాలు.

బంగారం, నగదు, పెళ్లి సామాను

10,000 యూరోలు గానీ, అంత విలువైన ఇతర కరెన్సీ గానీ ఉంటే లోపలికి వచ్చేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు రాతపూర్వకంగా ప్రకటించాలి. పన్ను ఉండదు, ప్రకటన ఒక్కటే. 2021 జూన్ 3 నుంచి ‘నగదు’లోకి బంగారం కూడా చేరింది: 90 శాతానికి తగ్గని స్వచ్ఛత ఉన్న నాణేలు, 99.5 శాతానికి తగ్గని బిస్కెట్లు, కడ్డీలు. ధనత్రయోదశికి కొన్న 24 క్యారెట్ల నాణేలు కరెన్సీతో కలిపి లెక్కకు వస్తాయన్నమాట. 22 క్యారెట్ల గొలుసు నగ కాబట్టి ఇందులోకి రాదు, పై పన్ను లెక్కలోకి వస్తుంది. చెప్పకుండా దొరికితే జర్మనీలో జరిమానా 10 లక్షల యూరోల దాకా వేసే వీలుంది.

నగలతో వచ్చే తల్లిదండ్రులు బయల్దేరేటప్పుడు భారత కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. అది ప్రధానంగా తిరుగు ప్రయాణంలో భారత్‌లో సుంకం పడకుండా చూసుకోవడానికి. జర్మనీ అధికారికి కూడా ఆ నగలు కొత్తగా ఇవ్వడానికి తెచ్చినవి కావని చెబుతుంది.

పెళ్లి చేసుకుని భర్త దగ్గరికి మొదటిసారి వెళ్లే అమ్మాయికి చట్టంలో ఒక ప్రత్యేక వెసులుబాటు ఉంది, దాని సంగతి తెలిసినవారు తక్కువ. పెళ్లి కారణంగా సమాఖ్యలోకి మకాం మార్చేవారు తమ పెళ్లి బట్టలు, ఇంటి సామాను కొత్తవైనా పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. సమాఖ్య బయట ఉండేవారు ఇచ్చిన పెళ్లి కానుకలకూ మినహాయింపు ఉంది, ఒక్కో కానుక విలువ 1,000 యూరోలు దాటనంతవరకు. అంతకుముందు 12 నెలలు బయట నివసించి ఉండాలి. సామాను పెళ్లికి రెండు నెలల ముందు నుంచి నాలుగు నెలల తర్వాత వరకు ఉన్న గడువులోనే రావాలి. వివాహ ధ్రువపత్రం, వస్తువుల జాబితా చూపించి అడగాలి కాబట్టి ఎర్ర తోవే దారి. అప్పటికే జర్మనీలో ఉంటున్న పెళ్లికొడుకుకు ఇది వర్తించదు. అతని మెడలోని కొత్త గొలుసుకు మామూలు లెక్కే. నగల పెట్టె ఎవరి చేతిలో ఉందన్న దానికన్నా నగలు ఎవరివన్నదే ఇక్కడ ముఖ్యం.

పార్సిల్ వేరే లోకం

430 యూరోల పరిమితి మనిషితో వచ్చే సామానుకే. ఇంటి నుంచి ఇంటికి డబ్బు తీసుకోకుండా పంపే కానుక పార్సిల్‌కు పరిమితి 45 యూరోలు, అందులో కాఫీ 500 గ్రాములు దాటకూడదు. అరకు కాఫీ కిలో పంపితే అది ఎంత చవకైనా పరిమితి దాటినట్టే. దుకాణం నుంచి నేరుగా తెప్పించుకున్న సరుకుకు 2021 జులై 1 నుంచి మొదటి యూరో మీదే వ్యాట్ పడుతోంది. సుంకం 150 యూరోల లోపు లేకుండా ఉండేది. దాని బదులు 2026 జులై 1 నుంచి చిన్న పార్సిళ్లలో ఒక్కో రకం వస్తువుకు 3 యూరోల చొప్పున సుంకం వేయాలని సభ్యదేశాలు 2025 డిసెంబరులో నిర్ణయించాయి.

పార్సిల్ ఆగిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది పైన అతికించే కాగితం. ‘ఇంటి సామాను’, ‘కానుక’, ‘తినుబండారాలు’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘నూలు చీర 1, ధర ఇంత, మామిడి పచ్చడి 500 గ్రాములు, మాంసం, పాలు లేవు’ అన్న తీరులో ఒక్కో వస్తువును ఆంగ్లంలో విడివిడిగా రాయాలి. విలువ దగ్గర సున్నా గానీ, నమ్మశక్యం కాని ఒక యూరో గానీ వేస్తే పార్సిల్ దగ్గర్లోని కస్టమ్స్ కార్యాలయానికి చేరుతుంది. అందుకోవాల్సినవారికి ఉత్తరం వస్తుంది. వాళ్లు బిల్లో, చెల్లింపు ఆధారమో పట్టుకుని అక్కడికి వెళ్లి, అధికారి ముందే పెట్టె కోయాలి. గడువులోపు వెళ్లకపోతే పార్సిల్ వెనక్కి పోతుంది. అందులో మాంసం పచ్చడి ఉందని తేలితే ఆ సీసా వెనక్కి కూడా రాదు.